నిండుగా వచ్చే బండి ఖాళీగా ఎందుకు పోవాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మాదొక చిల్లర అంగడి. మా నాయన పెట్టినది, ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. దాదాపు ముప్పై ఏళ్లుగా అదే గల్లాపెట్టె వెనకాల అదే స్టూలు మీద కూర్చుని ఉన్నాననుకోండి. పొద్దున పేపరు అంగట్లోనే చదువుతా. ప్లాస్టిక్ చెత్త గురించి ఎప్పుడు వ్యాసం వచ్చినా చివరికొచ్చేసరికి "ప్రజల్లో అవగాహన రావాలి" అనే మాట ఒకటి ఉంటుంది, ఆ మాట చూడగానే నాకు చిరాకు ఎత్తుకుంటుంది. అవగాహన ఎవరికి రావాలి సార్? ప్యాకెట్ చింపి పారేసిన పిల్లోడికా, అది అమ్మిన నాకా, దాన్ని అట్లా తయారుచేసి పంపినవాడికా? మొదటి ఇద్దరి గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను మూడోవాడి గురించి రాస్తాను. ఉత్తరం పొడుగైతే ఎక్కడైనా కత్తిరించుకోండి, బండి సంగతి ఒక్కటి మాత్రం తీసెయ్యకండి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. రెండేళ్ల కిందట తనిఖీకి వచ్చినవాళ్లకు మా అంగట్లో పల్చటి క్యారీ బ్యాగుల కట్ట ఒకటి దొరికింది. 120 మైక్రాన్ల కంటే పల్చటివి ఇవ్వకూడదని 2022 డిసెంబరు 31 నుంచి రూలు ఉంది. నాకు తెలుసు, తెలిసే పెట్టుకున్నా, ఎందుకంటే చేతిలో సంచి లేకుండా వచ్చి "కవర్ లేదా, అయితే వద్దులే" అని పక్కంగడికి పోయేవాళ్లు రోజూ ఉంటారు. జరిమానా కట్టాను, నోరెత్తలేదు. కానీ ఆ రసీదు రాస్తున్నాయన నిలబడింది సరిగ్గా షాంపూ దండల కింద. రూపాయి ప్యాకెట్లు, రెండు రూపాయల ప్యాకెట్లు, షాంపూ, కాఫీ పొడి, హెయిర్ డై, వక్కపొడి, అన్నీ పూలదండల్లాగా వరసగా వేలాడదీస్తాం కదా, ఆయన తల కదిపినప్పుడల్లా ఒక దండ జుట్టుకు తగులుతుంటే దాన్ని ఎడమచేత్తో పక్కకు నెట్టుకుంటూ కుడిచేత్తో నాకు జరిమానా రాశాడు. నా కవర్ నాలుగుసార్లయినా వాడతారు, కూరగాయలకో, చివరికి చెత్త కట్టి పడెయ్యడానికో. ఆయన పక్కకు నెట్టిన ప్యాకెట్ ఒక్క తలస్నానానికి. నాది నేరం, అది వ్యాపారం.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం అన్నారు కదా, ఆ జాబితాలో ఏమేం ఉన్నాయో ఒకసారి గుర్తుచేసుకోండి. చెవులు తుడుచుకునే పుల్లలు, బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్వీటు పెట్టెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర, డెకరేషన్ థర్మాకోల్. అన్నీ చిన్నా చితకా వ్యాపారాలవాళ్లు చేసేవే, అమ్మేవే. చిప్స్ ప్యాకెట్ లేదు, షాంపూ ప్యాకెట్ లేదు, నీళ్ల సీసా లేదు. పెద్ద కంపెనీలకు నిషేధం బదులు "బాధ్యత" ఇచ్చారు. ఈపీఆర్ అంటారట దాన్ని, తయారుచేసినవాడే తన సరుకు చెత్తయ్యాక కూడా చూసుకోవాలనే పద్ధతి. మాట మంచిదే, నేను కాదనడం లేదు. అసలు నా గొడవంతా ఆ మాట నిజమవ్వాలనే.

2021 నవంబరులో తిరుపతి మునిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అంగట్లోకి మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. కింది వరసలో ఉన్న కందిపప్పు, శనగపిండి, చక్కెర మూటలు అన్నీ పోయాయి. నీళ్లు తీసిన మూడో రోజు పారిశుద్ధ్య కార్మికులు వచ్చి మా ముందరి కాలవ తవ్వారు. ఒకాయన ఇనుప కొంకితో లాగుతుంటే నల్లటి బురద ముద్ద ఒకటి బయటికొచ్చింది, దాన్ని రోడ్డు మీద వేసి కాలితో విడదీస్తే అంతా ప్యాకెట్లే. బురదలో ఎన్నేళ్లు ఉన్నాయో తెలీదు కానీ ఒక ప్యాకెట్ మీద నీళ్లు పడగానే ఎరుపు ఎరుపుగానే ఉంది, పసుపు పసుపుగానే ఉంది, కంపెనీ పేరు ఒక్క అక్షరం చెరగలేదు. దాని మీద ముద్రించిన ధర చూశాను, అది మా అంగట్లో కొన్ని సంవత్సరాల ముందు ఉన్న ధర. అంటే అది నేను అమ్మిందే అయ్యుండొచ్చు. వరద ప్యాకెట్ల వల్లే వచ్చిందని నేననను, చెరువులు పూడ్చిందీ, వాగుల్లో ఇళ్లు కట్టిందీ మనమే. కానీ ఆ ముద్దను చూశాక నాకొకటి తట్టింది. చెత్తలో దొరికే మిగతా వేటి మీదా యజమాని పేరుండదు. ప్యాకెట్ మీద మాత్రం కంపెనీ పేరు, అడ్రసు, ఫోను నంబరు, అన్నీ ఉంటాయి. ఇంత స్పష్టంగా సంతకం చేసి పారేసిన చెత్తకు మేం ఎందుకు వెతుక్కోవాలి బాధ్యులను?

ఈ ఆలోచన నాది కాదు, పాతదే. స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1990లోనే ఈ మాట అన్నాడు. జర్మనీ 1991లో చట్టమే చేసింది. అందులో నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. కొన్నవాళ్లు సరుకు బయటి పెట్టెను అంగట్లోనే విప్పి వదిలేసి పోవచ్చు, అంగడివాడు కాదనకూడదు అని అప్పట్లో అందులో రాశారు. టూత్‌పేస్టు ట్యూబు తీసుకుని అట్టపెట్టె కౌంటరు మీద పెట్టి వెళ్లిపోవడమన్నమాట. అంగళ్లలో పెట్టెలు గుట్టలు పడితే అంగడివాళ్లు ఊరుకుంటారా, కంపెనీల మీద పడతారు. చెత్త కళ్లముందు ఉంటేనే ఎవరికైనా నొప్పి తెలుస్తుంది, కాలవలో ఉంటే ఎవరికి తెలుస్తుంది?

మన దగ్గర కూడా కాగితం మీద తక్కువేమీ లేదు. ఎలక్ట్రానిక్ చెత్తకు 2011లోనే ఈ బాధ్యత రాశారు. ప్లాస్టిక్‌కు 2016 నిబంధనలు వచ్చాయి. ఆ 2016 నిబంధనల్లో ఒక వాక్యం ఉండేది, మళ్లీ వాడకానికి పనికిరాని పలుపొరల ప్లాస్టిక్‌ను, అంటే మన చిప్స్ ప్యాకెట్ లాంటివాటిని, రెండేళ్లలో మెల్లగా ఆపెయ్యాలని. రెండేళ్లంటే 2018. సరిగ్గా ఆ 2018లో ఆ వాక్యాన్నే మార్చారు. మళ్లీ కరిగించి వాడలేకపోయినా కాల్చి వేడి పుట్టించగలిగితే, ఇంకేదైనా ఉపయోగం ఉంటే, ఆపక్కర్లేదనే అర్థం వచ్చేట్టు. కాల్చడం ఎవరికైనా చేతనవుతుంది సార్, మా వీధిలో చలికాలం పొద్దున్నే అదే చేస్తుంటారు.

తర్వాత 2022 ఫిబ్రవరి 16న అసలు మార్గదర్శకాలు వచ్చాయి. కంపెనీ మార్కెట్లోకి ఎంత ప్లాస్టిక్ ప్యాకింగ్ వదిలిందో దానికి లెక్క చెప్పి, 2021-22లో అందులో 25 శాతానికి, ఆ తర్వాతి ఏడాది 70 శాతానికి, 2023-24 నుంచి నూటికి నూరు శాతానికి బాధ్యత తీసుకోవాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి. నూటికి నూరు! మరి నూటికి నూరు జరుగుతుంటే మా కాలవలో ఉన్నదేమిటి?

ఉన్నదేమిటంటే, ఆ బాధ్యత సర్టిఫికెట్లతో తీరుతుంది. ఎక్కడో ఒక రీసైక్లింగ్ యూనిట్‌వాడు ఇన్ని టన్నులు చేశానని ప్రభుత్వ పోర్టల్‌లో చూపిస్తే వాడికి సర్టిఫికెట్లు వస్తాయి, కంపెనీ వాటిని కొనుక్కుని తన లెక్కకు జమ చేసుకుంటుంది. కొర్లగుంటలో అమ్మిన ప్యాకెట్ కొర్లగుంట నుంచి కదలక్కర్లేదు. దేశంలో ఏ మూలనో అంత బరువు ప్లాస్టిక్ కరిగిందని రాస్తే చాలు. నా దగ్గర అప్పు పెట్టినవాడు చెన్నైలో ఇంకెవరి అప్పో తీర్చిన రసీదు తెచ్చి చూపించినట్టు. అది కూడా నిజంగా తీర్చినదైతే సరే. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే ఆరు లక్షల దాకా దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి.

ఇంకో ముచ్చట. లెక్క తప్పిన కంపెనీ పర్యావరణ పరిహారం కట్టాలి. కట్టాక ఏడాదిలోపు ఆ బాకీ పూర్తిచేస్తే 75 శాతం డబ్బు వెనక్కి ఇస్తారు. రెండేళ్లలోపైతే 60, మూడేళ్లలోపైతే 40. ఈ సంగతి తెలిసినప్పుడు నేను నా జరిమానా రసీదు తీసి చూసుకున్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా అంగట్లో పల్చటి కవర్ లేదు, ఏడాది దాటింది, రెండేళ్లు దాటింది. నాకెవరూ పావలా కూడా వెనక్కి ఇవ్వలేదు, ఇస్తారనీ నేను అనుకోలేదు, అడిగితే నవ్వుతారు కూడా. కంపెనీకైతే నవ్వరు.

ఇప్పుడు బండి సంగతి.

మా అంగడికి మంగళవారం చిప్స్, బిస్కెట్ల బండి వస్తుంది. గురువారం సబ్బులు, షాంపూలవాళ్లది. శనివారం కూల్‌డ్రింకులు. టాటా ఏస్ బండ్లు, నిండా పెట్టెలు. సందులో అడ్డంగా పెట్టి, వెనక స్కూటర్లవాళ్లు హారన్లు కొడుతుంటే దించుతారు. సాయంత్రానికి ఆ బండ్లన్నీ ఖాళీ అయి గోడౌనుకు పోతాయి. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, ప్రతి వారం నిండుగా వస్తాయి, ఖాళీగా పోతాయి. నిజం చెప్పాలంటే పూర్తి ఖాళీగా పోవు. డేట్ అయిపోయిన సరుకు ఉంటుంది కదా, ఎలుక కొరికిన బిస్కెట్ ప్యాకెట్, గాలిపోయిన చిప్స్, పగిలిన సీసా, వాటిని మేం అట్టపెట్టెలో వేసి పెడతాం. సేల్స్ పిల్లోడు వచ్చి లెక్కపెట్టుకుని రాసుకుంటాడు, బండిలో వేసుకుని పోతాడు, వచ్చే బిల్లులో ఆ డబ్బు తగ్గిస్తారు. అన్ని కంపెనీలూ ఒకే రకంగా చెయ్యవు, కొందరు సతాయిస్తారు, ఆరునెలలు తిప్పుకుంటారు, అయినా మొత్తానికి పద్ధతైతే ఉంది.

అంటే ఏమైనట్టు? డేట్ దాటిన నిండు ప్యాకెట్ మా అంగడి నుంచి కంపెనీకి తిరిగి పోగలదు. దారి ఉంది, బండి ఉంది, మనిషి ఉన్నాడు, లెక్క రాసే యాప్ ఉంది. అదే ప్యాకెట్ లోపల చిప్స్ తినేశాక మాత్రం పోలేదట, అదేదో పెద్ద సమస్యట, దానికి సదస్సులట. తిరుపతిలో ఏ సందులోనైనా అయిదు రూపాయల ప్యాకెట్ అందించగలిగిన కంపెనీకి, శేషాచలం అంచున ఉన్న పల్లెలో కూడా ఆ ప్యాకెట్ దండ కట్టగలిగిన కంపెనీకి, అదే దారిలో ఖాళీ ప్యాకెట్ వెనక్కి తెచ్చుకోవడం చేతకాదంటే నేను నమ్మను. చట్టం అడగలేదు కాబట్టి చెయ్యలేదు, అంతే. 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లో, వాడి పారేసే ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీలు ఆ ప్యాకింగ్ వెనక్కి తీసుకునే ఏర్పాటు చెయ్యాలనీ, ఊరి చెత్త వ్యవస్థకు మునిసిపాలిటీలకు డబ్బు సాయం చెయ్యాలనీ అప్పుడే రాశారు. నేను ఏ కంపెనీ బండి మీదా ఆ ఏర్పాటు చూడలేదు. మనం మాత్రం 2021 నుంచి 2024 దాకా చెత్త పన్ను కట్టాం. రద్దయింది, సంతోషం. కానీ రద్దయినంత మాత్రాన చెత్త ఎత్తే ఖర్చు పోదు కదా, ఇంకో పేరుతో మన జేబు నుంచే పోతుంది. కంపెనీ ప్యాకెట్‌ను ఎత్తడానికి జనం పన్ను కట్టడం ఏంటో నాకు అర్థం కాదు.

పాత సామాన్లు కొనే ఆయన ఒకాయన మా వీధికి మూడు చక్రాల బండి తొక్కుకుంటూ వస్తాడు, మా అంగడి ముందు ఆగి టీ తాగుతాడు. ఆయన్ని అడిగాను, చిప్స్ ప్యాకెట్లు ఎందుకు తీసుకోవని. "దాన్ని ఎవురు కొంటారు సామీ. అట్ట కొంటారు, సీసాలు కొంటారు, పాల కవర్లు కడిగిస్తే కొంటారు. ఇది గోతాం నిండా కుక్కినా కిలో తూగదు, తూగినా అంగట్లో పక్కన పారేయమంటారు" అన్నాడు. ఒక ప్యాకెట్ తీసి నా చేతికిచ్చి గోటితో గీకి చూపించాడు. పైన రంగు, మధ్యలో వెండిలాగా మెరిసేది, లోపల ఇంకో పొర, అతికించినవి విడిపోవు. ఆయన చదువుకోలేదు, కానీ ఏ వస్తువు తిరిగి వస్తుంది, ఏది రాదు అనే లెక్క ఆయనకు తెలిసినంతగా ఢిల్లీలో రాసినవాళ్లకు తెలీదని నా అనుమానం. తెలిసి రాయలేదేమో కూడా.

ధర ఉన్నది తిరిగొస్తుంది, లేనిది కాలవలోకి పోతుంది. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఎవరైనా రోడ్డు మీద పారేశారా? డిపాజిట్ కట్టాం కాబట్టి పారెయ్యం. గ్యాస్ సిలిండర్? ఇన్వర్టర్ బ్యాటరీ పోతే పాతది ఇస్తే కొత్తదాని ధర తగ్గిస్తారు, 2001 నుంచే బ్యాటరీలు అమ్మినవాళ్లు పాతవి వెనక్కి తీసుకోవాలనే రూలు కూడా ఉంది, అందుకని బ్యాటరీల ఫ్యాక్టరీ మన కరకంబాడిలోనే ఉన్నా పాత బ్యాటరీ స్వర్ణముఖి ఇసుకలో కనబడదు. మా నాయన కాలంలో కూల్‌డ్రింకులు గాజు సీసాల్లో వచ్చేవి, క్రేటుకు డిపాజిట్ కట్టి ఖాళీలు లెక్క ఒప్పజెప్పేవాళ్లం. ఒక సీసా తక్కువైతే మా నాయన నా వీపు విమానం మోత మోగించేవాడు. "అంగడి ముందరే తాగిపో నాయనా" అని కస్టమర్లను నిలబెట్టి సీసా తీసుకున్నాక గానీ పంపేవాళ్లం కాదు. ఆ పద్ధతి పోయి ప్లాస్టిక్ సీసా వచ్చినప్పుడు, ఒప్పుకుంటాను, నేనూ హాయి అనుకున్నా. క్రేట్లు మొయ్యక్కర్లేదు, గాజు పెంకులు ఊడ్చక్కర్లేదు. కంపెనీకి నాకంటే ఎక్కువ హాయి, ఖాళీలు మోసే ఖర్చు మొత్తం మిగిలిపోయింది. అంతకు ముందు తాను పెట్టిన ఖర్చు ఊరి నెత్తిన పడిందని అప్పుడు ఎవరమూ అనుకోలేదు.

పైన తిరుమలలో చూడండి. 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ పూర్తిగా వద్దన్నారు, షాంపూ ప్యాకెట్లతో సహా. అలిపిరి దగ్గర తనిఖీ ఉంది. నీళ్లకు గాజు సీసా, దానికి డిపాజిట్, ఖాళీ తెచ్చిస్తే డబ్బు వెనక్కి. లడ్డూలకు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో తయారుచేయించిన మట్టిలో కలిసిపోయే సంచులు 2021లోనే తెచ్చారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన, ఇంటి దగ్గర ఏ రూలూ పాటించని జనమే, కొండ ఎక్కేసరికి సీసా వెనక్కిచ్చి ముప్పావలా కూడా వదలకుండా లెక్క చూసుకుని తీసుకుంటున్నారు. అదే జనం కింద బస్టాండులో కిటికీలోంచి విసిరేస్తారు. మనిషి మారలేదు, పద్ధతి మారింది. నిజానికి కొండ మీద ఆగిపోయిన చెత్తలో చాలా భాగం ఆగిపోలేదు, కొండ కింద మన నెత్తిన దిగింది. పైకి తీసుకుపోలేనివన్నీ ఖాళీ చేసేది ఎక్కడ మరి?

తమిళనాడులో నీలగిరిలో 2022లో మద్రాసు హైకోర్టు చెప్తే మందు సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ తెచ్చినవాడికి ఆ పది వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టారు. కేదార్‌నాథ్ దారిలోనూ అదే ఏడాది ప్లాస్టిక్ సీసాల మీద క్యూఆర్ కోడ్ అతికించి పది రూపాయల డిపాజిట్ పెట్టారు. తాగుబోతూ, భక్తుడూ ఇద్దరూ పది రూపాయల దగ్గర ఒకే రకంగా ఉంటారని తేలిపోయింది. (తాగుబోతు కాస్త తొందరగా తెస్తాడేమో, ఇంకో సీసాకు కావాలి కదా.) 2025 జూలై నుంచి ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడో బార్‌కోడో పెట్టి కంపెనీ రిజిస్ట్రేషన్ వివరాలు తెలిపే వీలు కల్పించారు. ఆ కోడ్‌కే ఒక రూపాయి జతచేసి, ఖాళీ ప్యాకెట్ ఏ అంగట్లో ఇచ్చినా ఆ రూపాయి ఇచ్చేట్టు, అంగడివాడికి పది పైసలో పావలానో చాకిరీ కూలి ఇచ్చేట్టు, మంగళవారం బండిలో అది వెనక్కి పోయేట్టు చెయ్యడానికి ఏం అడ్డం? అయిదు రూపాయల ప్యాకెట్ ఆరు రూపాయలవుతుంది, ప్యాకెట్ తెచ్చిస్తే మళ్లీ అయిదే. మా వీధి పిల్లకాయలకు ఈ లెక్క ఒక్క పూటలో అర్థమవుతుంది, వాళ్ల ప్యాకెట్లే కాదు, ఊరందరివీ ఏరుకొస్తారు.

టీవీల సంగతి కూడా రెండు మాటలు చెప్పేస్తాను. మా ఇంట్లో పాత డబ్బా టీవీ పోతే కొత్తది కొనడానికి ఒక షోరూముకు పోయి, పాతది కంపెనీ తీసుకోవాలని రూలుంది కదా, ఎవరికివ్వాలి అని అడిగాను. కౌంటరులో పిల్లోడు పాపం మర్యాదగానే చెప్పాడు, "ఎక్స్‌చేంజ్ ఆఫర్ అయిపోయిందన్నా, దసరాకు రండి" అని. ఆఫర్ అడగలేదబ్బా, చట్టం అడిగానంటే మేనేజర్‌ని పిలిచాడు, మేనేజరు ఇంకో ఆఫర్ చెప్పాడు. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, 106 రకాల సామాన్లు ఉన్నాయి ఆ జాబితాలో. మా టీవీ చివరికి పాత సామాన్లవాడి బండెక్కింది. రాగి తీగ, బోర్డు తీసుకుని పిక్చర్ ట్యూబును ఖాళీ స్థలంలో పగలగొట్టి పోయారు. ఆ గాజులో సీసం ఉంటుంది. పక్కనే పిల్లకాయలు క్రికెట్ ఆడతారు. మన ఏర్పేడు పక్కన వికృతమాలలో టీవీల తెరలు తయారవుతున్నాయి, గర్వంగానే ఉంది, కానీ అక్కడ పుట్టిన తెర ఉన్న టీవీ ఇక్కడే పక్కన చస్తే ఎత్తేవాడు లేడు.

మామిడి సంగతీ అంతే అనుకోండి. చిత్తూరు తోటల్లో రేటు లేక తోతాపురి రోడ్డు పక్కన పారబోస్తారు, మిగిలింది గుజ్జుగా మారి డ్రమ్ముల్లో ఎక్కడికో పోతుంది, పోయి రంగు రంగుల అట్టడబ్బాలో మా అంగడికే జ్యూస్‌గా తిరిగొస్తుంది. కాయ రైతుకు ఏం మిగిల్చిందో తెలీదు, డబ్బా మాత్రం మాకు మిగులుతుంది. ఇది వేరే ఉత్తరం రాయాల్సిన విషయం, వదిలేస్తున్నా.

నాకు ఎదురయ్యే ప్రశ్నలు నాకు తెలుసు. మా అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తితే మొదట తిట్టింది మావాళ్లే. జిడ్డు ప్యాకెట్లు అంగట్లో పెట్టుకుంటే చీమలు, ఎలుకలు, స్థలమెక్కడ, లెక్కెవడు చూస్తాడు, చినిగిన ముక్క తెచ్చి రూపాయి అడిగితే ఏం చెయ్యాలి అని. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఎలుకల బాధ నాకంటే ఎవరికి తెలుసు. కానీ ఒకప్పుడు ఈగలు ముసిరే ఖాళీ సీసాల క్రేట్లు పెట్టుకోలేదా మనం, డిపాజిట్ డబ్బు మనది కాబట్టి జాగ్రత్తగా పెట్టుకున్నాం. కూలి ఇస్తే పెట్టుకుంటారు. ఇంకో ప్రశ్న, మా ఎదురింటి అక్క మురుకులు చేసి ప్యాకెట్లు కట్టి నాలుగంగళ్లకు వేస్తుంది, ఆమె మీదా ఈ భారం పడుతుందా అని. చిన్న సంస్థలకు ఇప్పటి నిబంధనల్లోనే మినహాయింపు ఉంది, ఉండాలి కూడా. నేను మాట్లాడుతున్నది సినిమావాళ్లతో, క్రికెటర్లతో ప్రకటనలు వేయించే కంపెనీల గురించి. ధరలు పెరుగుతాయంటారు. పెరగనీయండి. ప్యాకెట్లో సరుకు తగ్గించి గాలి పెంచినప్పుడు ఎవరూ మమ్మల్ని అడగలేదు.

ఉత్తరం ముగించే ముందు నేను చేసిన పనొకటి చెప్పాలి. మొన్న జాతర నెలలో అంగడి ముందు ఒక బియ్యం గోతాం కట్టి, ఖాళీ ప్యాకెట్లు ఇందులో వెయ్యండని అట్టముక్క మీద రాసి పెట్టాను. డిపాజిట్ ఏమీ లేదు, పది ఖాళీలు తెచ్చిన పిల్లోడికి ఒక చాక్లెట్, అది నా జేబు నుంచి. (చాక్లెట్ కాగితం కూడా అందులోనే వెయ్యమన్నాను.) నెలకు మూడు గోతాలు నిండాయి. మా ఆవిడ, నేను ఒక ఆదివారం మిద్దె మీద కూర్చుని కంపెనీలవారీగా వేరు చేశాం. సగానికి పైగా ఒకే కంపెనీవి. ప్యాకెట్ వెనకాల ఉన్న మెయిల్‌కు మా అబ్బాయి చేత ఉత్తరం రాయించాను, ఇవి మీవి, మీ బండిలోనే పంపిస్తాను, తీసుకుంటారా అని. రెండు రోజుల్లో జవాబొచ్చింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి బ్యాచ్ నంబరు, కొన్న తేదీ, ప్యాకెట్ ఫోటో పంపండి అని. మా అబ్బాయి నిజంగానే గోతాం ఫోటో తీసి పంపాడు. వారం తర్వాత ఇంకో మెయిల్, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

గోతాలు మిద్దె మీదే ఉన్నాయి. మంగళవారం బండి వచ్చినప్పుడు సేల్స్ పిల్లోడికి చూపించాను. వాడిది పలమనేరు పక్క, మంచోడు, నెలకు టార్గెట్ టెన్షన్‌తో ఒళ్లు హూనమయ్యే ఉద్యోగం. "తీసుకుపోతే గోడౌన్‌లో నన్ను తిడతారన్నా, సిస్టమ్‌లో ఖాళీ ప్యాకెట్‌కు కోడ్ లేదు" అన్నాడు. డేట్ అయిపోయిన వాటికి కోడ్ ఉంది, ఎలుక కొరికిన వాటికి కోడ్ ఉంది. నాలుగు నిండు పెట్టెలు దించి, రెండు డ్యామేజీ ప్యాకెట్లు రాసుకుని, ఖాళీ బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఇట్లు,
ఒక చిల్లర అంగడి యజమాని,
కొర్లగుంట, తిరుపతి